గుర్తులు లేని కొండబాటలో దారి పట్టడం

(కొండల్లో నడిచే మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం.)

మిత్రులకు నమస్కారం. వెనక వరుసల్లో ఉన్నవారికి నా మాట వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యి ఎత్తండి, మొహమాటపడకండి. గుర్తులు సరిగా లేని కొండబాటలో దారి తప్పకుండా ఎలా నడవాలన్నది ఈరోజు నాకు అప్పగించిన విషయం. చూడటానికి చిన్న విషయమే. కాని మన ప్రాంతపు కొండల్లో నడిచేవారికి ఇంతకన్నా అవసరమైనది నాకు కనిపించదు, ఎందుకంటే గుర్తులున్న బాటలు మనకు వేళ్లమీద లెక్కపెట్టదగినన్నే ఉన్నాయి. తిరుమలకు అలిపిరి మెట్లున్నాయి, శ్రీవారి మెట్టు ఉంది. అక్కడ దారి తప్పాలన్నా తప్పలేము. వాటిని పక్కన పెట్టండి. నల్లమల, శేషాచలం, వెలికొండలు, అటు ఉత్తరాన అనంతగిరి, అరకు కొండలు, వీటిలో ఏ బాటను తీసుకున్నా అది పశువుల కాపరులో, తేనె తీసేవారో, వెదురు కొట్టేవారో, భక్తులో తమ అవసరం కోసం తొక్కుకున్న బాట. వాళ్లకు దారి తెలుసు, కాబట్టి గుర్తులు పెట్టలేదు.

అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు సెలవులకు వచ్చి మనతో నడిచినప్పుడు, "ఇక్కడ బాటకు రంగు గుర్తులు ఉండవా?" అని అడుగుతారు. అడగడంలో తప్పు లేదు. అక్కడి అపలేచియన్ ట్రెయిల్ అనే బాట మూడున్నర వేల కిలోమీటర్లకు పైగా సాగుతుంది. ఆ పొడవునా చెట్ల మీద, రాళ్ల మీద రెండు అంగుళాల వెడల్పు, ఆరు అంగుళాల ఎత్తున్న తెల్లరంగు పట్టీలు వేసి ఉంటాయి. ఒకదానిపైన ఒకటిగా రెండు పట్టీలు కనిపిస్తే ముందు మలుపో చీలికో ఉందని అర్థం. అక్కడ నడిచే మనిషి ఒక గుర్తు నుంచి ఇంకో గుర్తుకు నడుస్తాడు. మన దగ్గర అలా నడిస్తే మొదటి చీలిక దగ్గరే కథ ముగుస్తుంది.

అసలు విషయంలోకి వెళ్లే ముందు ఒక హెచ్చరిక. నాగార్జునసాగర్-శ్రీశైలం, అమ్రాబాద్ పులుల అభయారణ్యాల్లోకి గాని, శేషాచలంలోని శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానంలోకి గాని అటవీశాఖ అనుమతి లేకుండా అడుగుపెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. శేషాచలంలో ఎర్రచందనం మూలంగా నిఘా మరీ ఎక్కువ. అనుమతి లేకుండా వెళ్లి అక్కడ దారి తప్పినవాడిని ముందు దొంగగా చూస్తారు, బాధితుడిగా చూడటం ఆ తర్వాత. కాబట్టి నేను చెప్పేదంతా అనుమతి తీసుకుని, అనుమతించిన బాటల్లో, అనుమతించిన రోజుల్లో నడిచేవారి కోసమే.

ఆత్మకూరు వైపు నుంచి వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం చేరే పాత నడకదారి మీలో ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. చాలామందికే తెలుసు. శివరాత్రికి వెళ్లి ఉంటారు, కొందరు ఉగాదికి కన్నడ భక్తులతో కలిసి నడిచి ఉంటారు. ఆ రోజుల్లో ఆ దారి నిండా జనమే. అన్నదానాలు, మంచినీళ్లు, రాత్రి దీపాలు, శివనామస్మరణ. ముందు నడిచేవాడి వీపు చూసుకుంటూ నడిస్తే చాలు, శ్రీశైలం చేరిపోతారు. చేరిపోయి, ఆ దారి తమకు తెలిసిపోయిందని అనుకుంటారు. నా బాధ అక్కడ మొదలవుతుంది. అదే దారిని ఆశ్వయుజ మాసంలో ఊహించుకోండి. వానలకు పెరిగిన బోద గడ్డి నడుము దాకా ఉంటుంది. పద్నాలుగో శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించాడని చదువుకున్నాం కదా, అటువంటి పాత రాతిమెట్లు కూడా ఆ గడ్డిలో కాలికి తగిలితే తప్ప కంటికి కనబడవు. ఇంకో మూడు నెలలు ఆగితే ఆకురాలే కాలం వస్తుంది. టేకు ఆకు బాట ఉన్నచోట, బాట లేనిచోట ఒకే మందాన పరుచుకుంటుంది. బాట ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది. కాని జనం వెనక నడిచిన మనిషి దాన్ని ఎప్పుడూ చూడలేదు, అతను చూసింది ముందువాడి వీపును.

ఈ గంటసేపు నేను చెప్పబోయేదంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. దయచేసి ఆ ప్రశ్నను గుర్తుపెట్టుకోండి. అడవిలో నడుస్తున్న మనిషిని ఆపి, "మీరు ఇప్పుడు ఎక్కడ ఉన్నారు?" అని అడిగితే ఏదో ఒక జవాబు చెబుతాడు. ఆ జవాబుకు పెద్ద విలువ లేదు. దానికి బదులు, "ఎక్కడున్నారో మీకు అనుమానం లేకుండా తెలిసిన చివరి చోటు ఏది? అక్కడినుంచి ఎంతసేపు, ఏ దిక్కుగా నడిచారు?" అని అడగండి. ఈ రెండింటికీ జవాబు చెప్పగలిగిన మనిషి బాట మీద లేకపోయినా తప్పిపోయినట్టు కాదు, ఎందుకంటే వెనక్కి వెళ్లగలడు. చెప్పలేని మనిషి, అదృష్టం కొద్దీ సరైన బాట మీదే ఉన్నా, తప్పిపోయినట్టే లెక్క. ఆ చివరి చోటును నేను ఖాయపు చోటు అంటాను. గంటకు ఒకటో రెండో ఖాయపు చోట్లు చేతిలో పెట్టుకుని నడవడమే ఈ విద్య అంతా.

ఏది ఖాయపు చోటు అవుతుంది? బాట వాగును దాటే చోటు అవుతుంది. రెండు బాటలు కలిసే చోటు, పాడుబడిన గుడి, రాతితో కట్టిన బావి, కొండల మధ్య కనుమ మెడ, చెరువు కట్ట చివర, ఇవన్నీ అవుతాయి. పెద్ద బండ అవుతుందా? కాదు. నల్లమలలో పెద్ద బండలు ఎన్ని లేవు! వంగిన చెట్టు అవుతుందా? కాదు, దానిలాంటిది ఇంకోటి ఫర్లాంగు దూరంలో ఉంటుంది. ఆ ప్రాంతంలో ఒక్కటే ఉండాలి, పటంలోనో స్థానికుల నోటనో దానికి ఉనికి ఉండాలి. అలాంటిది కనిపించినప్పుడు గడియారం చూసుకుని, చిన్న పుస్తకంలో ఒక్క ముక్క రాసుకోండి. "నాగలూటి గుడి, ఏడూ ఇరవై." అంతే. ఈ ఒక్క ముక్క ఆ తర్వాతి రెండు గంటలపాటు మీకు ఆధారం.

దారి తప్పడం ఎలా మొదలవుతుందో ఎప్పుడైనా గమనించారా? ఒక్క క్షణంలో జరగదు. వాగు దాటాక ఎడమవైపు చెరువు రావాలని చెప్పి పంపారు. చెరువు రాలేదు, ఎండిన పల్లం ఒకటి కనిపించింది. "వేసవి కదా, ఎండిపోయి ఉంటుందిలే" అనుకుంటాం. ఆ తర్వాత బాట ఎక్కాలి, కాని దిగుతోంది. "కాస్త దిగి మళ్లీ ఎక్కుతుందిలే" అనుకుంటాం. విడివిడిగా చూస్తే రెండు సమాధానాలూ సబబుగానే ఉన్నాయి. రెండూ కలిస్తే అరగంట తప్పుదారి. కళ్లముందు ఉన్నదాన్ని మనం అనుకున్నదానికి సరిపెట్టేయడంలో మనసు మహా గడుసుది. అందుకని నాతో నడిచేవారికి ఒక నియమం పెట్టాను. మొదటిసారి "లే" అంటే నడవండి, రెండోసారి "లే" అన్నారంటే ఆగండి. ఆగి, ఖాయపు చోటు ఏదో, అక్కడినుంచి ఎంతసేపయిందో లెక్క చూడండి. నవ్వుతున్నారు గాని, ఈ నియమం నిజంగా పనిచేస్తుంది.

బాటను చదవడం

ఇప్పుడు బాట దగ్గరికి వద్దాం. మనుషులు నడిచే బాటకు, పశువులు నడిచే బాటకు తేడా ఏమిటి? నేల మీద చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి, పైగా పశువుల బాటే ఎక్కువ స్పష్టంగా ఉంటుంది. కాబట్టి నేలను వదిలి, మీ ఛాతీ ఎత్తులో చూడండి. మనిషి నడిచే బాటలో ఛాతీ ఎత్తున, తల ఎత్తున కొమ్మలు విరిగి ఉంటాయి, లేదా కొడవలి దెబ్బకు ఏటవాలుగా తెగి ఉంటాయి. తెగిన చోటు తెల్లగా ఉంటే ఈ మధ్యనే తెగింది, నల్లబడి ఉంటే ఏడాది దాటింది. పశువుల బాటలో నడుము ఎత్తు వరకే ఖాళీ ఉంటుంది, పైన కొమ్మలు కలిసిపోయి మీరు వంగి వంగి నడవాల్సి వస్తుంది. లాంటానా పొదల్లో వరసగా మూడు నాలుగు చోట్ల వంగి దూరాల్సి వచ్చిందంటే, మీరు ఎవరి బాట పట్టారో అర్థం చేసుకోండి. పశువుల బాట వాలు మీద నాలుగైదు పాయలుగా చీలుతుంది, మళ్లీ కలుస్తుంది, చివరకు ఏ నీటిగుంట దగ్గరో, మేత దగ్గరో మాయమవుతుంది. మనిషి బాట ఒక్క పాయగానే సాగుతుంది, అడ్డుపడిన చెట్టు చుట్టూ తిరిగి మళ్లీ పాత వరసలోకే వస్తుంది.

ఇక పాదాల దగ్గర చూడండి. బాటకు అడ్డంగా వచ్చిన వేళ్ల పైభాగం నున్నగా, కొంచెం మెరుస్తూ ఉంటుంది, పక్కనే ఉన్న వేళ్లు గరుకుగా ఉంటాయి. రాతి అంచులు అరిగి ఉంటాయి. ఉదయం పూట ముఖానికి సాలెగూళ్లు తగులుతున్నాయంటే రాత్రి నుంచి ఆ బాటలో మీకంటే ముందు ఎవరూ వెళ్లలేదు. మీకన్నా ముందు బయలుదేరిన జట్టు ఆ దారినే వెళ్లిందని మీరు అనుకుంటూ ఉంటే, ఆ సాలెగూళ్లను నమ్మండి, మీ ఊహను నమ్మకండి. బీడీ ముక్కలు, గుట్కా పొట్లాలు కూడా చదవదగినవే. అడవిలో వాటిని చూసి మనకు కోపం రావాలి, వస్తుంది కూడా. కాని రంగు వెలవని పొట్లం కనబడితే, ఇటుగా ఈ వారంలో ఎవరో వెళ్లారని తెలుసుకుని, ఆ పొట్లాన్ని తీసి మీ సంచిలో వేసుకోండి.

వెదురు కొట్టేవారి బాట ఇంకో రకం. అది వెడల్పుగా, చక్కగా, నమ్మకం కలిగించేలా ఉంటుంది. అలాగే వెళ్లి వెళ్లి వెదురు పొద దగ్గర ఆగిపోతుంది. వాళ్ల పని అక్కడితో అయిపోయింది. అటవీశాఖవారు వేసవికి ముందు కార్చిచ్చు పాకకుండా గడ్డి కోసి, ఆకులు ఊడ్చి ఫైర్‌లైన్లు తీస్తారు. అవి మరీ మోసం చేస్తాయి. గుట్టను లెక్కచేయకుండా తిన్నగా ఎక్కిపోయే, గడ్డిపోచ కూడా లేని దారి కనిపిస్తే సంతోషించకండి. మనిషి కాళ్లతో తొక్కిన బాట నిటారు వాలును తిన్నగా ఎక్కదు, అడ్డంగా వంకర తిరుగుతూ ఎక్కుతుంది.

గుర్తులు లేవని చెప్పాను. అబద్ధపు గుర్తులు మాత్రం బోలెడు ఉన్నాయి. హిమాలయాల్లో, పడమటి దేశాల్లో రాయి మీద రాయి పేర్చిన చిన్న గుట్ట కనిపిస్తే అది దారి గుర్తు. మన పుణ్యక్షేత్రాల కొండల మీద అటువంటి గుట్ట కనిపిస్తే అదేమిటి? సొంతిల్లు కట్టుకోవాలని ఎవరో మొక్కుకుని పేర్చిన రాళ్లు! ఒకరు పేరిస్తే పక్కన ఇంకొకరు పేరుస్తారు, చూస్తుండగా ఒక కాలనీ లేస్తుంది. వాటి వెంట నడిస్తే ఎవరి ఇంటికీ చేరరు. చెట్ల మీద రంగు పట్టీలు, అంకెలు ఉంటాయి. అవి అటవీశాఖవారు తమ లెక్కల కోసం, హద్దుల కోసం వేసుకున్నవి. వాటికీ మన దారికీ సంబంధం లేదు. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహస్వామి గుహ వైపు, ఉగ్రస్తంభం వైపు వెళ్లే దారిలో భవనాశిని ఒడ్డున బండల మీద నడిచినవారు ఇక్కడ ఉన్నారు కదా? అటువంటి వాగు దారుల్లో ఎవరైనా బండ మీద రంగుతో బాణం వేసినా, వాన ఉధృతికి రాయే కదిలి తిరిగిపోవచ్చు. పైగా బాణం వేసేవాడు పైకి వెళుతూ వేస్తాడు. మీరు దిగేటప్పుడు ఆ బాణం రాయికి అవతలి ముఖాన ఉంటుంది, కనబడదు.

అందుకే వెనక్కి తిరిగి చూడటం. ఇది చాలామంది చెబుతారు, కొద్దిమందే చేస్తారు. చీలిక దాటిన ఇరవై అడుగులకు ఆగి, వెనక్కి తిరిగి, తిరుగు ప్రయాణంలో ఆ చోటు ఎలా కనిపిస్తుందో నిండుగా చూడండి. వెళ్లేటప్పుడు ఒక బాట రెండుగా చీలినట్టు కనిపించే చోటు, వచ్చేటప్పుడు చీలికలాగే కనిపించదు. పక్కనుంచి ఇంకో బాట వచ్చి కలిసినట్టు ఉంటుంది, మన దృష్టి దాని మీదికి పోదు. దీనికి విరుద్ధంగా, వెళ్లేటప్పుడు మీరు అసలు గమనించని కలయికే వచ్చేటప్పుడు ఎదురుగా రెండు దారులై నిలబడుతుంది. ఫోనుతో ఫొటో తీయాలంటే ముందుకు చూస్తూ తీయకండి, వెనక్కి తిరిగి తీయండి.

జట్టుగా నడిచేటప్పుడు నిబంధన ఇంకా కఠినంగా ఉండాలి. చీలిక వచ్చిన ప్రతిచోటా ముందు మనిషి ఆగాలి, చివరి మనిషి వచ్చేదాకా కదలకూడదు. "నా వెనకవాడికి నేను కనిపిస్తున్నాను, చాలు" అనుకుంటే చాలదు, అతని వెనకవాడికి అతను కనిపించాలి కదా. చివరి మనిషిగా అందరికన్నా నెమ్మదిగా నడిచేవారిని వదలకండి, దారి తెలిసిన రెండో మనిషిని పెట్టండి. జట్టు మొత్తం కలిసి తప్పిపోతే అంత ప్రమాదం లేదు. ముగ్గురు ఒకవైపు, నలుగురు ఇంకోవైపు పోయి, ఎవరికివారు మిగతావారి కోసం వెతకడం మొదలుపెట్టినప్పుడే అసలు ప్రమాదం.

దారి అడగడం గురించి రెండు మాటలు. చెంచు పెంటల్లోని, అంటే అడవిలోని చెంచుల చిన్న పల్లెల్లోని పెద్దలకు, మేకల కాపరులకు తెలిసినంతగా ఆ అడవి ఏ పటానికీ తెలియదు. కాని మనం అడిగే తీరు సరిగా ఉండదు. "తాతా, ఈ దారి భీముని కొలనుకు పోతుంది కదా?" అని అడిగితే ఆయన "పోతుంది నాయనా" అంటాడు. నిజమే, ఎక్కడో తిరిగి, చివరకు పోతుంది! మీ నోట వచ్చిన జవాబును కాదనడం ఆయనకు ఇష్టం లేదు. "తాతా, ఈ దారి ఎక్కడికి పోతుంది?" అని అడిగి, నోరు మూసుకుని వినండి. ఎంత దూరం అని అడగకండి, "ఇక్కడే, కూతవేటు" అంటారు. వాళ్ల కూతవేటు మన కూతవేటు ఒకటి కాదు. ఇప్పుడు బయలుదేరితే పొద్దు ఎక్కడికి వచ్చేసరికి చేరతామో చెయ్యి పెట్టి చూపించమనండి. దారిలో ఎన్ని వాగులు దాటాలో అడగండి. వాగుల లెక్క వాళ్లు తప్పుగా చెప్పగా నేను వినలేదు.

పటం, ఫోను, సూర్యుడు

సర్వే ఆఫ్ ఇండియా పటాలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో దొరుకుతున్నాయి. యాభై వేలకు ఒకటి స్కేలు పటంలో రెండు సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. అందులో ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గోధుమరంగు ఎత్తు గీతలు సాధారణంగా ఇరవై మీటర్ల తేడాతో ఉంటాయి. దీని అర్థం ఏమిటో ఆలోచించారా? పదిహేను మీటర్ల నిలువు బండ, అంటే అయిదంతస్తుల మేడంత ఎత్తున్న కొండచరియ, రెండు గీతల మధ్య దాక్కోగలదు. నల్లమలలో, శేషాచలంలో కొండల పైభాగాన గట్టి క్వార్ట్‌జైట్ రాతి పొరలు నిలువునా తెగి ఉంటాయి. పటంలో గీతలు దూరదూరంగా, సౌమ్యంగా కనిపిస్తున్నాయని బాట వదిలి అడ్డంగా దిగబోతే, ఆ తెగిన అంచు మీద నిలబడి కిందికి చూస్తారు. కాబట్టి పటం చూసి అడ్డదారి వేయకండి. పటం పని అది కాదు. కొండ ఏ వైపు దిగుతోంది, వాగు ఏ దిక్కుకు పారుతోంది, తర్వాతి ఖాయపు చోటు ఎంత దూరం, ఈ మూడు చెబితే చాలు. శ్రీశైలం జలాశయం నిండకముందు గీసిన పాత పటాలు కొందరు దాచుకుని ఉంటారు. వాటిలో మునిగిన ఊళ్లకు బాటలు ఇంకా సాగుతూనే ఉంటాయి. వేసవిలో సంగమేశ్వరం గుడి నీటిలోంచి బయటపడుతుంది, వానాకాలంలో మునుగుతుంది. ఆ జలాశయం ఒడ్డు ఏ పటంలోనూ నిలకడగా ఉండదు.

దిక్సూచి వాడేవారు తక్కువ, కాని వాడండి. అయస్కాంతపు ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా మన ప్రాంతంలో ఒకటి రెండు డిగ్రీలకు మించదు, కాలినడకకు దాన్ని మరిచిపోవచ్చు. మన చూపు తప్పు అంతకన్నా ఎక్కువే ఉంటుంది. దిక్కులో పది డిగ్రీల తప్పు జరిగితే కిలోమీటరు నడిచేసరికి సుమారు నూట డెబ్భై అయిదు మీటర్లు పక్కకు పోతారు. అందుకే చిన్న గురిని వెతుక్కుంటూ దిక్సూచితో నడవకూడదు. రోడ్డు, జలాశయం ఒడ్డు వంటి పొడవైన గురి ఉంటేనే నడవాలి.

ఫోను సంగతి చాలామందికి నాకన్నా బాగా తెలుసు, కాబట్టి త్వరగా దాటేస్తాను. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, పటం మాత్రం ముందే దించుకుని ఉండాలి. ఫ్లైట్ మోడ్‌లో పెడితే బ్యాటరీ చాలాసేపు వస్తుంది. తుంబుర తీర్థం వంటి ఇరుకు లోయల్లో ఉపగ్రహాల సంకేతం రాతిగోడలకు తగిలి వస్తుంది, కాబట్టి తెర మీద చుక్క మిమ్మల్ని అవతలి గట్టు మీద చూపించినా కంగారుపడకండి. ఇక ఎవరో నడిచి ఆప్‌లో పెట్టిన గీతను పట్టుకుని వెళ్లేవారికి ఒక్క మాట. దారి తప్పి తిరిగినవాడి ఫోను కూడా గీత గీస్తుంది.

సూర్యుణ్ణి చూసి దిక్కు తెలుసుకోవడం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ మనల్ని పుస్తకాలు తప్పుదారి పట్టిస్తున్నాయి. గడియారంలో చిన్న ముల్లును సూర్యుడి వైపు తిప్పి, దానికీ పన్నెండుకూ మధ్య రేఖ దక్షిణం చూపుతుందని చదివి ఉంటారు. ఆ పద్ధతి చలిదేశాలకు సరిపోతుంది. మనం ఉన్నది ఉష్ణమండలంలో. హైదరాబాదులో మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఒకసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలబడతాడు, నిటారుగా పాతిన కర్రకు నీడ ఉండదు. ఈ రెండింటి మధ్య కాలంలో మధ్యాహ్న సూర్యుడు మనకు ఉత్తరంగా ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. "మధ్యాహ్నం నీడ ఉత్తరం చూపుతుంది" అని నేర్చుకున్నవారు జూన్ నెలలో పూర్తిగా తలకిందులైన దిక్కుకు నడుస్తారు. మరి ఏది పనిచేస్తుంది? కర్ర పాతండి. నీడ కొన దగ్గర రాయి పెట్టండి. ఇరవై నిమిషాలు కూర్చోండి, నీళ్లు తాగండి. నీడ కొన జరిగిన చోట రెండో రాయి పెట్టండి. మొదటి రాయి పడమర, రెండోది తూర్పు. దిక్కు సుమారుగానే వస్తుంది, మధ్యాహ్నానికి దగ్గరగా చేస్తే బాగా వస్తుంది. ఏ నెలలోనైనా ఆ వరస తలకిందులు కాదు. ఉదయం సూర్యుడు కూడా సరిగ్గా తూర్పున ఉదయించేది ఏడాదికి రెండుసార్లే. డిసెంబరులో దాదాపు ఇరవై అయిదు డిగ్రీలు దక్షిణానికి, జూన్‌లో అంతే ఉత్తరానికి జరిగి ఉంటాడు. రాత్రి ధ్రువనక్షత్రం సంగతి అంటారా? అది ఏ ఊరి అక్షాంశం ఎంతో అంత ఎత్తులో ఉంటుంది. శ్రీశైలంలో పదహారు డిగ్రీలు, అంటే చాచిన చేతి పిడికిలికి ఒకటిన్నర రెట్లు. ఆ ఎత్తులో అడవిలో ఏముంటుంది? చెట్టు కొమ్మ.

అదే పుస్తకాల్లో ఇంకో సలహా ఉంటుంది. దారి తప్పితే వాగు వెంట కిందికి దిగండి, ఊరు తగులుతుందని. మన కొండల్లో ఇది ప్రాణం మీదికి తెస్తుంది. శేషాచలంలో వాగు వెంట దిగితే ఏమవుతుంది? జలపాతం పైఅంచుకు చేరతారు. తలకోన జలపాతం సుమారు రెండువందల డెబ్భై అడుగులు. నల్లమలలో కృష్ణ వైపు దిగే వాగులు నిటారు లోయల్లోంచి జలాశయంలో పడతాయి, ఆ చివర ఊరు ఉండదు, నీటి అంచు ఉంటుంది. పైగా ఎండాకాలంలో నీరు మిగిలిన మడుగు దగ్గరికి చీకటి పడ్డాక ఎలుగుబంట్లు వస్తాయి. వాగు వెంట దిగకండి. మళ్లీ చెబుతున్నాను, దిగకండి.

తప్పిపోయామని తెలిసినప్పుడు

ముందు కూర్చోండి. ఊరికే చెప్పడం లేదు, నిజంగా నేల మీద కూర్చోండి. నిలబడి ఉన్న మనిషి కాళ్లు ఆలోచించకుండానే కదులుతాయి. నీళ్లు తాగండి, పుస్తకం తీయండి, చివరి ఖాయపు చోటు, సమయం చూడండి. అక్కడికి వెళ్లే దారి తెలిసి ఉంటే లేచి వెనక్కి వెళ్లండి. ముందు ఎక్కడో అసలు బాట తగులుతుందన్న ఆశతో అడ్డంగా కోయకండి. వెనక్కి దారి కూడా తెలియకపోతే జట్టు ఒక్కచోటే ఉండాలి. ఇద్దరు మాత్రమే, ఈల వినిపించే దూరంలో, ఒక్కో దిక్కుకు వెళ్లి చూసి రావాలి. అందరూ తలో దిక్కుకూ పోకూడదు.

సమయం లెక్క కూడా ఇక్కడే చెప్పాలి. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు ఒక సూత్రం ఇచ్చాడు. దాన్ని మన కొలతల్లోకి మార్చుకుంటే అయిదు కిలోమీటర్లకు ఒక గంట, పైన ఆరువందల మీటర్లు ఎక్కితే ఇంకో గంట. ఆ లెక్కన ఆరు కిలోమీటర్లు నడిచి మూడువందల మీటర్లు ఎక్కడానికి గంటా నలభై రెండు నిమిషాలు. ఆయన నడిచింది చల్లటి స్కాట్లండులో. మన ఎండకు, మన ముళ్లపొదలకు, దారి వెతుక్కునే ఆలస్యానికి నేను దాన్ని రెట్టింపు చేస్తాను. డిసెంబరులో అయిదూ ముప్పావుకు పొద్దు గుంకుతుంది, లోయలో అంతకన్నా గంట ముందే మసక పడుతుంది. ఉష్ణమండలంలో సంధ్య ఎక్కువసేపు నిలవదు, అరగంటలో కళ్లు పొడుచుకున్నా కనబడదు. కాబట్టి వెనక్కి తిరిగే వేళ ఏదో ఉదయమే నిర్ణయించి, అందరి ముందు పైకి చెప్పండి. గమ్యం ఎంత దగ్గరగా ఉన్నా ఆ వేళకు తిరగాలి.

పొద్దు గుంకడానికి గంట ముందు కూడా దారి దొరకకపోతే వెతకడం ఆపండి. వాగు గర్భంలో గాని, నీటిగుంట పక్కన గాని ఉండకండి. కొంచెం తెరపిగా ఉన్న ఎత్తు నేల చూసుకోండి. ఎండిన అడవిలో మంట పెట్టకండి, ఆ నిప్పు మీకన్నా వేగంగా నడుస్తుంది. మూడుసార్లు ఈల, కొంత విరామం, మళ్లీ మూడుసార్లు. అరవడం కన్నా ఈల దూరం పోతుంది, గొంతు పోదు. గట్టు మీదికి ఎక్కి 112కు ప్రయత్నించండి. మీ నెట్‌వర్క్ లేకపోయినా వేరే కంపెనీ సిగ్నల్ ఉంటే ఆ కాల్ వెళుతుంది. మాట కలవని చోట ఎస్‌ఎంఎస్ వెళ్లవచ్చు, అందులో జీపీఎస్ అంకెలు రాసి ఇంటివారికి పంపండి. ఒకసారి మీరున్న చోటు చెప్పాక అక్కడినుంచి కదలకండి. వెతికేవారు ఆ అంకెల దగ్గరికే వస్తారు.

చివరగా, ఇంట్లో వదిలి వెళ్లే కాగితం. వాట్సాప్‌లో "నల్లమల వెళ్తున్నాం" అని పెట్టే ముక్క ఎందుకూ పనికిరాదు, నల్లమల అయిదారు జిల్లాల మీద పరుచుకుని ఉంది. ఏ ఊరి నుంచి అడవిలోకి దిగుతున్నారు, ఏయే చోట్ల మీదుగా, ఎవరెవరు, వెనక్కి తిరిగే వేళ ఎంత, అనుమతి ఇచ్చిన అటవీ రేంజి కార్యాలయం ఫోను నంబరు ఏది, వాహనం ఎక్కడ నిలిపారు, ఇవన్నీ రాయండి. రాత్రి ఎన్ని గంటలదాకా కబురు రాకపోతే ఆ నంబరుకు ఫోన్ చేయాలో స్పష్టంగా రాయండి, ఎందుకంటే ఇంట్లోవారు "వస్తారులే" అనుకుంటూ తెల్లవార్లూ కూర్చుంటారు. ముందు వరుసలోనివారికి ఇచ్చిన ఖాళీ కాగితాలు అందుకోసమే. వచ్చే ఆదివారం నడకకు పేరు ఇచ్చినవారు వాటిని నింపి, ఒకటి ఇంట్లో ఉంచి, రెండోది బస్సు ఎక్కేముందు నాకు ఇవ్వాలి.